రెండో మోర్చాలో నేను లేని గంట

2000 నవంబరు ఆఖరున భద్రాచలం అడవి అంచున ఉన్న కేంద్ర బలగాల క్యాంపులో దిగాను. ముళ్లకంచె, ఇసుక బస్తాలు పేర్చిన నాలుగు కాపలా మోర్చాలు, రెండు రేకుల షెడ్లు, ముప్పై ఎనిమిది మంది. అందరిలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మాది వైరా. సొంత జిల్లాలో పోస్టింగని ఇంట్లో తెగ సంబరపడ్డారు.

జనవరి మొదట్లో మా జీపు నక్సలైట్లు పెట్టిన మందుపాతర మీదికెక్కింది. డ్రైవరూ వంటవాడూ పోయారు. డ్రైవరు బూటు మర్నాడు టేకు కొమ్మల్లో దొరికింది, లోపల పాదంతో సహా. చెట్టెక్కి దించింది నేనే. ఆ సాయంత్రమే కమాండరు ఆర్డరు వేశాడు. రాత్రి ఎనిమిది దాటాక గూడెం బాటలో దీపం లేకుండా ఎవరు కదిలినా ఒక్క కేక వేసి కాల్చేయాలి. గూడేనికి వెళ్లి ఆ సంగతి చెప్పే పని నాకే పడింది.

"రాత్రి ఆపదొస్తె లాంతరు పట్టుకొని రండ్రి. లాంతరుంటే ఎవ్వరేమనరు," అని అందరికీ చెప్పాను.

గూడెం అర కిలోమీటరు దూరం. అక్కడి ముత్తయ్య తాత మా షెడ్లకు తడికలు అల్లేవాడు. చంద్రగ్రహణం రోజు సాయంత్రం నేను కెమెరా తుడుచుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఖమ్మంలో ఫోటో స్టూడియో నడిపే మా బావ కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్న రీలు కెమెరా అది.

"ఏంది బిడ్డా, గ్రహణాన్ని ఫోటో దింపుతవా?" అన్నాడు తాత.

"అవ్ తాత. చంద్రుడు మొత్తం ఎర్రగయితడంట."

"జర పైలం. ఇయ్యాల మా గూడెంల నిప్పు రాజెయ్యం. పొయ్యి, దీపం, అన్ని బంద్. విడిచినంకనే మళ్ల. మా కోడలికి నెలలు నిండినయి, దాన్ని గడప దాటనియ్య."

నా చెవికెక్కింది ఒక్కటే. దీపాలుండవు, ఫోటో బాగా వస్తుంది. "మంచిదే తాత," అన్నాను. నా సర్వీసు మొత్తంలో అంత బుద్ధితక్కువ మాట ఇంకోటి అనలేదు. కమాండరు చెవిన ఒక్క ముక్క వేసి ఉంటే సరిపోయేది.

పన్నెండు నుంచి రెండు వరకు రెండో మోర్చా డ్యూటీ నాది. గూడెం బాట కనిపించేది అక్కడి నుంచే. తెలుగు వచ్చినవాణ్నని నన్నక్కడ వేశారు. నా బదులు కూర్చోమని గన్నర్‌ని బతిమాలాను. రాజస్థాన్ వాడు, జీపులో పోయిన వంటవాడిదీ అతనిదీ ఒకే ఊరు.

"జా భాయ్, అప్నా చాంద్ దేఖ్ లే," పోయి నీ చంద్రుణ్ని చూసుకో అని మెషిన్‌గన్ వెనక కూర్చున్నాడు.

షెడ్డు వెనక ఇసుక బస్తా మీద కెమెరా పెట్టాను. చలికి వేళ్లు కొయ్యబారాయి. పన్నెండుంబావుకు చంద్రుడి అంచు నల్లబడింది. ఒకటీ ఇరవైకి మొత్తం నీడలో మునిగి ఇటుక రంగుకు తిరిగింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు జీపు గుర్తు రాలేదు. హాయిగా ఉంది. పదకొండో ఫోటోకు షట్టరు తెరిచి అంకెలు లెక్కపెడుతున్నాను. ఆరు దగ్గర గన్నర్ కేక వినిపించింది.

"థమ్! కౌన్ హై?"

బాట మీంచి ఎవరో బదులిచ్చారు. నాకు మాట అందలేదు, గన్నర్‌కు అర్థం కాలేదు. మెషిన్‌గన్ మొదలైంది.

ఒక మోర్చా కాలిస్తే మిగతావి ఊరుకోవు. నాలుగూ కాల్చాయి. టేకు బెరడు ముక్కలై ఎగిరింది, వెదురు పొద నడుముకు విరిగి పడింది. క్యాంపు మీద దాడి జరుగుతోందని షెడ్డులోంచి కమాండరు రేడియోలో అరుస్తున్నాడు. "కంట్రోల్, క్యాంప్ పర్ హమ్లా, ఓవర్." నేనూ బోర్లా పడుకుని ఒక మ్యాగజైన్ చీకట్లోకి ఖాళీ చేశాను. ఎవరి మీదని అడగకండి. అవతలి నుంచి ఒక్క గుండూ రావడం లేదని తెలుసుకోవడానికి మాకు ఏడు నిమిషాలు పట్టింది. కాల్పులు ఆగాక బాట మీంచి తెలుగు వినిపించింది.

"అన్నా, కాల్చకుండ్రి. డోలీ అన్నా, డోలీ."

టార్చి తీసుకుని అందరికంటే ముందు నేనే పరుగెత్తాను. ముత్తయ్య తాత బోర్లా పడి ఉన్నాడు. వీపు తెరుచుకుపోయింది. డోలీ కట్టిన వెదురు గడ ఇంకా అతని భుజం మీదే ఉంది. వెనక మోసిన కొడుకు మోచెయ్యి నుజ్జయింది. అరిచింది అతనే. కోడలికి నొప్పులు మొదలై, దవాఖానాకు మా రెండో బండి అడగడానికి బయల్దేరారు. గ్రహణం నీడ కడుపు మీద పడకూడదని ఆమెను నిలువునా నల్ల గొంగడిలో చుట్టారు. గన్నర్‌కు కనిపించింది దీపం లేని ఇద్దరు మనుషులు, గడకు వేలాడే నల్లటి మూట. ఇంకో మందుపాతర మోసుకొస్తున్నారనుకున్నాడు.

ఆమెకు ఒక్క గుండూ తగల్లేదు. గొంగడిలోంచే నన్నడిగింది.

"అన్నా, గ్రహణం విడిచిందా?"

తలెత్తి చూశాను. ఇంకా ఎర్రగానే ఉంది.

"విడిచింది చెల్లె," అన్నాను.

తెల్లారేసరికి దవాఖానాలో ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా బతికారు. విచారణలో నేను రాసిచ్చింది మూడే ముక్కలు. దీపం లేదు, కేక వేశారు, వాళ్లు ఆగలేదు. తాత ముందే చెప్పిన సంగతి రాయలేదు. ఉద్యోగం పోతుందని భయం వేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఆగస్టులో సెలవు మీద వైరా వచ్చాను. ఎంతమందిని కాల్చినవని హోటల్ దగ్గర దోస్తులు అడిగేవారు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేవాణ్ని.

ఇన్నేళ్లయినా కళ్ల ముందు నుంచి పోనిది తాత వీపు కాదు. నా మాట నమ్మి ఆమె గొంగడి తీసేసింది. పైకి చూడలేదు. నిండు కడుపుతో పాకుతూ వెళ్లి, ఆ ఎర్రటి వెలుతురులో, గొంగడిని మామ మీద కప్పింది.