అమ్మ పలకని పేరు

నాకు మా తాత పేరు పెట్టారు. ఆయన ఒకప్పుడు సర్పంచ్, కాబట్టి ఇబ్రహీంపట్నంలో మా వీధికీ అదే పేరు. మేము అమ్ముకున్న చెలకలో లేచిన వెంచర్‌కు కూడా, కొన్నవాళ్లు మర్యాదకు ఆ పేరే పెట్టి, చివర నగర్ తగిలించి, రోడ్డు మీద కమాన్ కట్టించారు. బతికుండగా ఆయన ఇంత విస్తరించలేదు.

ఇన్నిచోట్ల ఉన్న పేరును మా ఇంట్లో ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ పలకలేదు. అమ్మకు అది మామ పేరు. కోడలు మామ పేరు నోట అనకూడదు. ఆ పేరు తన కడుపున పుట్టినవాడికి పెట్టినా మినహాయింపు లేదు. అందుకని నేను పోరణ్ని. కాలేజీ చదువు పూర్తయినా, జుట్టు నెరిసినా నా హోదా మారలేదు.

ఒకసారి ఆటో అతను ఎక్కడ ఆపాలని అడిగాడు.

"గా కమాన్ కాడ," అంది అమ్మ.

"ఏం కమాన్ అమ్మా?"

"రాసుంది గద, సదువుకో."

పోయినేడు అమ్మకు మతిమరుపు మొదలైంది. ముందు పొయ్యి మీది పాలు మరిచింది, తర్వాత వీధి మరిచింది. అక్కా నేనూ కలిసి హయత్‌నగర్‌లో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన నన్ను చూపించాడు.

"ఈయన ఎవరమ్మా? పేరు చెప్పు."

అమ్మ నన్ను చూసింది. నోరు మెదపలేదు.

"కొడుకునే మర్చిపోయింది," అన్నాడు డాక్టర్.

"యాదున్నా చెప్పది సార్. అది మామ పేరు," అంది అక్క.

"అయితే మీ పేరు చెప్పమనండి."

అమ్మ అక్కను చూసి తన చెల్లెలి పేరు చెప్పింది. ఆ చెల్లెలు పోయి చాలా కాలమైంది. అక్క బ్యాగులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

నా సంగతి మాత్రం తేలలేదు. అమ్మకు నేను అసలు తెలియకపోవచ్చు, బాగా తెలిసే ఊరుకుని ఉండొచ్చు. ఇంటికొచ్చాక అన్నం పెడితే తినేది, మందులిస్తే మింగేది. "పోరడా" అనడం మానేసి "అయ్యా" అనడం మొదలుపెట్టింది. మర్యాద పెరిగింది. నాకు నిద్ర తగ్గింది.

ఒకరోజు ఉండబట్టలేక వాకిట్లోకి వెళ్లి, ఇంటి వైపు తిరిగి, నా పేరు నేనే గట్టిగా పిలిచాను. పక్కింటి కాక గోడ మీంచి తొంగిచూశాడు.

"ఏమైందిరా, నిన్ను నువ్వే పిలుసుకుంటున్నవ్?"

"ఉన్ననో లేనో సూస్తున్న కాకా."

లోపల మంచం కిర్రుమంది. అమ్మ లేచి గడప దాకా వచ్చింది. చేయి దానంతట అదే కొంగును తల మీదికి లాక్కుంది. తలుపు చాటుకు జరిగి నిలబడింది. పేరు గుర్తుంది! నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక "పోరడా" అనడమే తరువాయి అనుకున్నాను.

అమ్మ తల ఎత్తకుండా, తలుపు చాటు నుంచే చెప్పింది.

"పోరడింకా బడికెల్లి రాలే మామా. ఒచ్చే యాల్లైంది. జర కూసోండ్రి."

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కూర్చున్నాను.