సకుమా గారి చివరి ఓటమి

మా పక్కింటివాళ్ళు పెరట్లో చెక్క డెక్ వేయిస్తున్నారు. నిన్న ఉదయం పనివాళ్ళ ట్రక్కులోంచి ఒక ప్లైవుడ్ పలక జారి కాంక్రీటు మీద ధనామని పడింది. కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడ్డ నేను చటుక్కున గడ్డం ఛాతీకి ఆనించేశాను. కాఫీ సగం చొక్కా మీదే పోయింది. మనిషి వీపు రెజ్లింగ్ రింగు మీద పడితే వచ్చేది అచ్చంగా ఆ చప్పుడే. ఆ క్షణంలో గడ్డం లోపలికి లాక్కోకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి ఈ సంగతి బుర్రకు కాదు, ఒంటికే నేర్పాలి. నా ఒంటికి నేర్పింది సకుమా గారు. ఆయన జపాన్‌లో పేరుపడ్డ రెజ్లర్. నేను న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే అనంతపురం ఆడదాన్ని. మా ఇద్దరికీ పరిచయం ఎలా కుదిరిందని అందరూ అడుగుతారు. ఇంకెలా, పోట్లాటతోనే.

వెల్లింగ్టన్ పక్క ఊరు లోవర్ హట్‌లో మా తెలుగు సంఘం ఉగాది డాన్సుల రిహార్సల్ కోసం ఒక కమ్యూనిటీ హాలు బుక్ చేసింది. హాలు చూసుకునేవాళ్ళు అదే సాయంత్రాన్ని రెజ్లింగ్ నేర్చుకునేవాళ్ళకు కూడా ఇచ్చేశారు. ఎవరితోనైనా గొడవపడాల్సి వస్తే మా సంఘంవాళ్ళు నన్నే ముందుకు తోస్తారు, నా గొంతు అలాంటిది. లోపలికెళ్ళేసరికి హాలు మధ్యలో తాళ్ళు కట్టిన రింగు, దాని పక్కన మడత కుర్చీలో అరవై దాటిన ఒక పెద్దమనిషి. మెడ లేనట్టు బలిసిన భుజాలు, నలిగి ముద్దకట్టిన చెవులు. ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాఠం వింటున్న పిల్లవాడిలా అంతా విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే పొడిపొడి ఇంగ్లీషులో అన్నారు: "చాలా బాగుంది. ఇంకోసారి అరవండి. ఈసారి ఆ చివరి వరసకు కూడా వినపడాలి."

వెటకారమేమో అనుకున్నాను. కాదు, ఆ మనిషికి వెటకారం తెలియదు. "ఈ దేశంలో నన్ను ఇంత అందంగా ఎవరూ తిట్టలేదు. రేపు రండి," అన్నారు. మా డాన్సు పిల్లలకు హాలులో సగం వదిలేశారు కూడా. ఆ సాయంత్రం ఒక పక్క కూచిపూడి అడుగులు, ఒక పక్క మనుషులు ధనాధన్ పడుతున్న చప్పుళ్ళు. మర్నాడు నేను నిజంగానే వెళ్ళాను. పొద్దున్న ట్రైను, ఆఫీసు, సాయంత్రం ట్రైను తప్ప ఇంకేమీ లేని రోజులవి. నన్ను ఎవరో గట్టిగా అరవమని అడిగారు, అది చాలింది.

సకుమా గారిది జపాన్ ఉత్తరాన చేపలు పట్టే ఊరు. చదువు అబ్బలేదు, పడవ ఎక్కితే వాంతులు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి రెజ్లర్ల శిక్షణశాలలో చేరారు. అక్కడ కొత్తవాళ్ళు సీనియర్లకు వండిపెట్టాలి, బట్టలుతకాలి, స్నానాల గదిలో వాళ్ళ వీపులు తోమాలి. అంతా అయ్యాక పడడం నేర్చుకోవాలి. రింగెక్కే యోగ్యత వచ్చినా మొదట్లో అన్నీ ఓటములే. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు కదా, కొత్తవాడికి గెలుపు రాసిపెట్టరు. ఓడిపోతూ ఓడిపోతూ జనం తనవైపు చూసేలా చేసుకోవాలి. అది వచ్చాక పైదేశం పంపిస్తారు, ఇంకో జనం ముందు రాటుదేలి రమ్మని. అలా కుర్రవాడిగా సకుమా గారు న్యూజీలాండ్ వచ్చారు. ఇక్కడ ఆయనది విలన్ వేషం. దాచుకున్న ఉప్పు ఎదుటివాడి కళ్ళల్లో కొట్టడం, రెఫరీ అటు తిరగగానే గొంతు నొక్కడం. ఒక చిన్న ఊళ్ళో ఒక బామ్మగారు కోపం పట్టలేక చేతిలో ఉన్న వేడి వేడి ‘మీట్ పై’, మాంసం కూరిన రొట్టె, ఆయన మొహాన విసిరిందట. "ముక్కు కాలింది. కానీ రుచి అద్భుతం!" అని చెప్పి ఆయన పడీపడీ నవ్వేవారు. తర్వాత జపాన్ తిరిగి వెళ్ళి ముసుగు వేషం కట్టారు, పెద్ద పెద్ద స్టేడియాల్లో ఆడారు, పోస్టర్లకెక్కారు. ఒక రాత్రి మెడ మీద పడ్డారు. ఆట మధ్యలో ఆగిపోయింది, స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. అక్కడితో సరి. కోలుకున్నాక లోవర్ హట్ వచ్చి స్కూలు బస్సు నడుపుతూ స్థిరపడ్డారు. జపాన్‌లోనే ఉండొచ్చుగా అంటే, "నన్ను బాగా తిట్టింది ఇక్కడివాళ్ళే," అన్నారు.

మొదటి నెలలన్నీ పడడమే. వెనక్కి, పక్కకి, ముందుకి. తాళ్ళు ముట్టుకోనివ్వలేదు. పిలవడం మాత్రం జపాన్ మర్యాదతో వాణీ-సాన్, అంటే వాణి గారు. నా భర్త రఘు ఒకరోజు నా వీపు చూసి అదిరిపోయాడు.

"ఏమి వాణీ ఇది, వీపంతా కమిలిపోయింది? యాడన్నా పడినావా?"

"పడలా. పడేది నేర్చుకుంటా ఉండా."

"దానికి క్లాసులు యాల? మన ఊరి రోడ్ల మీద స్కూటీ నేర్చుకుంటివి కదా!"

నవ్వాపుకోలేక నొప్పితో మెలికలు తిరిగాను. రఘు మాత్రం మర్నాటి నుంచి డిన్నరు డ్యూటీ తనే తీసుకున్నాడు, శనివారాలు నన్ను హాలు దగ్గర దింపి తనూ వచ్చి కూర్చునేవాడు.

పడడం వచ్చింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎదుటివాళ్ళను కింద పడేశాక కాలితో తొక్కాలి. సకుమా గారు నేల మీద పడుకుని, "తొక్కు," అన్నారు. నేను తొక్కాను. తొక్కిన మరుక్షణం వంగి, ఆయన భుజం తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. కావాలని చేసింది కాదు. పుస్తకానికి కాలు తగిలినా, బస్సులో ముక్కూమొహం తెలియని మనిషికి కాలు తగిలినా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది, మన ఇళ్ళల్లో పెరిగిన ఎవరికైనా అంతే. పైగా ఆయన గురువు. సకుమా గారు లేచి కూర్చుని అడిగారు: "ఇప్పుడు చేసిందేమిటి?" చెప్పాను. "మళ్ళీ తొక్కు. అది వద్దు." తొక్కాను. మళ్ళీ అద్దుకున్నాను. ఆ సాయంత్రమంతా అదే వరస. తోటి నేర్చుకునేవాళ్ళు తాళ్ళు పట్టుకుని విరగబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇక నా వల్ల కాదన్నాను.

ఆయన చాలాసేపు గోడకానుకుని ఆలోచించారు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది. "వాణీ-సాన్! తొక్కు. తర్వాత అది చెయ్యి. నిదానంగా, అందరికీ కనపడేలా, భక్తిగా. ఆ తర్వాత మళ్ళీ తొక్కు!"

అలా పుట్టింది మహారాణి వాణి. పట్టుచీర అంచుతో కుట్టించిన డ్రెస్సు, నుదుట ఇంత బొట్టు. ఎదుటి మనిషిని కసిగా తొక్కడం, పాపం పుణ్యం ఎరగనట్టు కళ్ళకద్దుకోవడం, మళ్ళీ తొక్కడం. అబ్బ, జనానికి ఒళ్ళు మండిపోయేది! మొదటి షోలోనే హాలు హాలంతా లేచి బూ అని అరిచింది. ఒక పెద్దాయన కుర్చీ మీదకెక్కి నా వంశాన్నంతా కడిగేశాడు. ఆఫీసు మీటింగుల్లో నా మాట పూర్తి కాకముందే ఇంకెవరో అందుకునేవారు. ఇక్కడ ఇంతమంది నా ఒక్కదానివైపే చూస్తున్నారు, నేను చెయ్యి ఎత్తితే అరుస్తున్నారు, దించితే ఇంకా అరుస్తున్నారు. ఆ ఆనందం ఎలా చెప్పను? కర్టెన్ వెనక సకుమా గారు చిన్నపిల్లవాడిలా గెంతుతున్నారు. "విన్నావా? నీ మీద కోపంతో అరుస్తున్నారు! ఎంత ప్రేమ!"

ఆ తర్వాతి ఏడాది ఆయన ఒక మాట అడిగారు. భార్యతో కలిసి జపాన్ వెళ్ళిపోతున్నారట, సొంత ఊళ్ళోనే ఉండాలని. వెళ్ళేముందు ఒక్క ఆట ఆడాలి. రెజ్లర్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఒక చోటును వదిలి వెళ్ళేవాడు అక్కడ ఉండిపోయేవాడి చేతిలో ఓడి వెళ్ళాలి. తన పేరూ బలమూ రింగులోనే వాళ్ళకు అప్పగించి వెళ్ళాలి. గెలిచి వెళితే దొంగతనం కింద లెక్క. "నా చివరి ఆట ఆగిపోయింది. నన్ను ఎవరూ ఓడించలేదు. కిందపడ్డవాడు ఓడినట్టు రెఫరీ మూడు లెక్కపెట్టలేదు. నేను ఇంకా వెళ్ళలేదు, వాణీ-సాన్. నన్ను పంపించు."

డాక్టరు ఒక్కసారి పడడానికి మాత్రమే ఒప్పుకున్నాడు, అదీ వీపు మీద. ఆ ఒక్కసారీ పడేయాల్సింది నేను. మెత్తగా పడేస్తే జనం నమ్మరు, ఆయన వీడ్కోలు తమాషా అయిపోతుంది. గట్టిగా పడేసి కొంచెం అటూ ఇటూ అయితే ఆ మెడ. పైగా ఆట ముందురోజు ఇంకో షరతు పెట్టారు: "రేపు కళ్ళకద్దుకోకు."

"అది నా వేషంలో భాగమే కదా, సార్?"

"అందరికీ వేషం. నాకు చేస్తే నువ్వు వేషం వెయ్యవు, నాకు తెలుసు. చూసేవాళ్ళకూ తెలిసిపోతుంది. అప్పుడు నేను గురువునైపోతాను. నాకు గురువుగా వెళ్ళడం వద్దు. ఓడిపోయి వెళ్ళాలి."

హాలు కిక్కిరిసిపోయింది. ఆయన బస్సెక్కే పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ, మా తెలుగు సంఘం మొత్తం. సకుమా గారు పాత నల్ల నిక్కరుతో వచ్చారు. వస్తూనే నా కళ్ళల్లో ఉప్పు కొట్టారు, నిజం ఉప్పే! మంటతో నేను గిలగిల్లాడుతుంటే స్కూలు పిల్లలు తమ డ్రైవరును చూసి కేరింతలు కొట్టారు. అరవై దాటిన ఆ ఒళ్ళు ముప్పయ్యేళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. ప్రతి దెబ్బకూ ఆయన నా దెబ్బను పెద్దది చేసి చూపించారు. చివరికి ఆయన్ను భుజాల మీదికెత్తుకున్నాను. అంత బరువులో కూడా నాకు ఆ మెడే కనపడుతోంది. చెవి దగ్గర ఆయన గొంతు: "గట్టిగా. సిగ్గు తీయకు."

గట్టిగానే పడేశాను. ధనామన్న చప్పుడు. గడ్డం ఛాతీకి ఆని ఉంది, మెడ క్షేమం. నేను ఆయన గుండె మీద కాలు పెట్టాను. రెఫరీ ఒకటి అన్నాడు. నా అరికాలి కింద ఆయన ఊపిరి ఎగసిపడుతోంది. రెండు. నా కుడిచెయ్యి కదిలింది, నన్నడక్కుండానే కిందికి వెళ్ళబోయింది. ఆయన కళ్ళు తెరిచి చూస్తున్నారు, నన్ను కాదు, నా చేతినే. అంత భయం ఆ కళ్ళల్లో ఎన్నడూ చూడలేదు. ఆ చెయ్యిని పిడికిలి బిగించి పైకెత్తాను. మూడు. హాలంతా నన్ను బండబూతులు తిట్టింది. రఘు కూడా లేచి నిలబడి బూ అని అరిచాడు. ఆయన కళ్ళు మూసుకుని, ఓడిపోయిన మనిషిలా, హాయిగా అలాగే పడుకుండిపోయారు.

బట్టలు మార్చుకునే గదిలో నేను ఆగలేక వంగబోయాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, తనే నడుము దాకా వంగారు. శిక్షణశాలలో ఓడినవాడు గెలిచినవాడికి అలాగే కృతజ్ఞతలు చెప్పాలట. "ధన్యవాదాలు," అన్నారు. "ఇప్పుడు వెళ్ళాను." నేను భోరుమన్నాను. ఆయన నవ్వుతూ నా కళ్ళల్లో మిగిలిన ఉప్పు తడిగుడ్డతో తుడిచారు.

ఇప్పుడు ఆయన సముద్రం ఒడ్డున ఉన్న తన ఊళ్ళో పడవల జోలికి పోకుండా కూరగాయలు పండిస్తున్నారు. అప్పుడప్పుడూ ముల్లంగి దుంపల ఫోటోలు పంపుతారు. శనివారాలు ఆ హాలులో పడడం నేర్పేది నేనే. ఆఫీసు మీటింగుల్లో నా మాట నేను పూర్తి చేస్తున్నాను, చివరి కుర్చీకి కూడా వినపడుతుంది. ట్రైనులో ఎవరికైనా కాలు తగిలితే ఇప్పటికీ కళ్ళకద్దుకుంటాను, ఇక్కడివాళ్ళు వింతగా చూస్తారు. ఆయన ఒక్కరికి అద్దుకోలేదు. ఈ కుడిచెయ్యి ఆ సంగతి మరిచిపోలేదు, అప్పుడప్పుడూ నాతో పోట్లాటకొస్తుంది. వద్దన్నది ఆయనేనని దానికి చెప్తాను.