గురక పెట్టే పంపు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్లుమంట. పటాన్‌చెరులో ఓ రసాయనాల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ఉద్యోగం నాది. బతికున్నవాళ్ల గోడు వినడానికే తీరిక ఉండదు. అయినా ఇది జరిగింది.

పోయిన వానాకాలం మేనేజర్ పిలిచి, ఉద్యోగులు ఏఐని ఎలా వాడాలో, ఎలా వాడకూడదో నియమాలు రాయమన్నాడు. నోటీసు బోర్డుకి తెలుగులోనే కావాలన్నాడు. అడ్డగోలుగా ఏఐతో రాయించొద్దని చెప్పే ఆ కాగితాన్ని నేను ఏఐతోనే రాయించాను. సిగ్గేమీ పడలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగు ముక్కలు టైపు చేస్తే ఎనిమిది నియమాలు వచ్చాయి. ఫ్యాక్టరీ రహస్యాలు అందులో పెట్టొద్దు, అది చెప్పింది సరిచూసుకోండి, ఇలాంటివే. ఏడోది రెండుసార్లు చదివాను.

"కార్మికుడు నోటితో చెప్పింది వదిలేసి నివేదిక రాయరాదు. ఉదాహరణ: పంపు గురక పెడుతోందని చెప్పినప్పుడు."

ఆ మాట యాదగిరిది. వెలిమెల మనిషి, పొలం పోయాక మా దగ్గర ఆపరేటర్‌గా చేరాడు. రెండేళ్ల కింద నా టేబుల్ దగ్గరకొచ్చి, "సార్, మూడో నంబర్ పంపు గురక వెడ్తున్నది. జెర సూపియ్యుండ్రి" అన్నాడు. గదిలో మేమిద్దరమే. ఫిర్యాదంటే రిజిస్టర్లో ఎక్కాలి. అతనికి సంతకం తప్ప రాయడం రాదు, నేనే రాయాలి. పంపుకి గురకేమిటని నవ్వి పంపేశాను.

నాలుగో రోజు ఆ పంపు సీలు పగిలి, రసాయనం మీద పడి యాదగిరి పోయాడు. "ఆపరేటర్ ముందుగా తెలియజేయలేదు" అని నివేదికలో నా చేత్తో రాశాను. గురక సంగతి మా ఇంట్లో కూడా చెప్పలేదు.

కంప్యూటర్లు చూసే అతన్ని పిలిపించాను. ఈ ఏఐకి మన ఫైళ్లేవీ ఇవ్వలేదన్నాడు. అవే ముక్కలు మళ్లీ మళ్లీ కొట్టి చూశాను. ఆ నియమం ఇంకోసారి రాలేదు. మొదటి కాపీలో మాత్రం అలాగే ఉంది.

అంతలో టీ వచ్చింది. తెచ్చింది లక్ష్మమ్మ, యాదగిరి భార్య. ఆయన పోయాక క్యాంటీన్లో పని ఇచ్చి, పెద్ద ఉపకారం చేశామనుకున్నాం.

"ఏం రాస్తున్రు సార్, గింతసేపు?"

"రూల్స్."

"మా ఆయినెకు రూల్స్ దెల్వకపాయె. ఒక్క మాట మీ చెవిల ఏస్తే మీరు సూపిస్తుంటిరి గద" అని కప్పు పెట్టి వెళ్లిపోయింది.

టీ తాగలేకపోయాను. అయినా ఏడో నియమం తీసేసి, ఎనిమిదోదానికి ఏడు అని నంబరు మార్చి, ప్రింటు తీసి బోర్డుకి అంటించాను.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. యాదగిరి మాటను రెండోసారి కొట్టేసింది మాత్రం నేనే.