రష్యా వాళ్ళకి మా నానమ్మ పెట్టిన పేర్లు

రష్యా నవలల్లో ఒక్కో మనిషికి నాలుగేసి పేర్లు. సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఇవి చాలవన్నట్టు ఇంట్లోవాళ్ళ ముద్దుపేరు. మా వీధిలో పిల్లల బారసాలలన్నీ కలిపినా బియ్యంలో అన్ని పేర్లు రాసుండరు. పాపం పోయాడని నేను జాలిపడ్డ మనిషి తర్వాతి అధ్యాయంలో హాయిగా టీ తాగుతూ కనిపించేవాడు. తీరా చూస్తే పోయింది వేరే ఆయన.

సాహిత్యం మీద ప్రేమతో చదివాననుకునేరు. అంత లేదు. నానమ్మకి కంట్లో శుక్లాలు తీసి, డాక్టరుగారు కొన్నాళ్ళు టీవీ చూడొద్దన్నారు. సీరియళ్ళు లేక ఆవిడ నా పెళ్ళి మీద పడింది. రాజమండ్రిలో మా కాలేజీలోనే నాతోపాటు పాఠాలు చెప్పే కొవ్వూరు అబ్బాయిని చేసుకుంటానని నేను అప్పటికే ఇంట్లో చెప్పేశాను. గోత్రాలు వేరు, ఎక్కడా చుట్టరికం లేదు. ఖర్మకొద్దీ ఇంటిపేరు మాత్రం ఒకటే. "ఇంటిపేరొకటైతే అన్న వరసేనే, సిగ్గులేదూ!" అని నానమ్మ తేల్చేసింది. తల్లి మాట జవదాటని మా నాన్నగారు వెంటనే భీమవరం నుంచి రొయ్యల చెరువుల సంబంధం ఒకటి పట్టుకొచ్చారు. పెళ్ళికొడుకు ఎలా ఉంటాడని అడిగితే చెరువులు ఎలా ఉంటాయో చెప్పేవారు. పుస్తకం చదువుతున్నంతసేపైనా ఆ ఊసు రాదని, ఎలాగూ కాలేజీకి సెలవులే కాబట్టి మధ్యాహ్నం భోజనాలవగానే ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే లావుదాన్ని తీసి నానమ్మకి వినిపించడం మొదలెట్టాను.

రెండు పేజీలు కాకుండానే ఆవిడ చెయ్యెత్తింది.

"ఆపవే తల్లీ! నోట్లో గోళీలు పోసుకున్నట్టు ఈ పేర్లేంటి? ఎవరిది ఏ ఊరో చెప్పు, చాలు."

మా వైపు మనుషులకి ఊరూ వరసా ఉంటే పేరుతో పనిలేదు. రష్యాకీ అదే పద్ధతి పెట్టేసింది నానమ్మ. అస్తమానం అరిచే సైన్యాధికారి పెద్దాపురం బాబాయి. పూజలు చేస్తూ కోడళ్ళని ఏడిపించే జమీందారిణి పిఠాపురం అత్తయ్య. కథానాయకుడు తణుకు బుల్లోడు. అతను మనసుపడ్డ పిల్ల కాలవగట్టమ్మాయి. తణుకులో మోకాల్లోతు మంచు ఏంటని ఆవిడకి ఒక్కనాడూ సందేహం రాలేదు. ఎమ్మే చదివిన నాకు కూడా, నిజం చెప్పొద్దూ, కథ అప్పుడే అర్థమవడం మొదలైంది.

ఒక్క సంగతి మాత్రం నేను తొందరపడి చెప్పలేదు. ఆ ప్రేమికులిద్దరిదీ ఒకటే ఇంటిపేరు. పేర్లన్నీ తీసి పారేసింది కాబట్టి నానమ్మకి ఆ విషయం తెలిసే దారి లేదు.

ఒకరోజు తణుకు బుల్లోడి తండ్రి ఈ పెళ్ళి జరగనివ్వనని భీష్మించుకున్నాడు.

"ఈయనకేం పోయేకాలమే! బంగారంలాంటి పిల్ల. ఎందుకు వద్దంటాడంట?"

పుస్తకంలో కారణం వేరే ఉంది. ఆ వాక్యం నేను చదవలేదు.

"ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు నానమ్మా," అన్నాను తలెత్తకుండా.

"చుట్టరికం ఉందా?"

"అస్సలు లేదు."

"మరింకేం? చుట్టరికం లేనప్పుడు ఇంటిపేరేం చేసుద్ది, పిల్లల ఉసురు పోసుకోడం కాకపోతే..."

అక్కడ ఆగిపోయింది. ఆపరేషన్ నల్లకళ్ళద్దాల వెనక ఎటు చూస్తోందో నాకు తెలియలేదు.

"పుస్తకం మూసెయ్," అంది.

అయిపోయింది, ఇక నాకు రొయ్యలే గతి అనుకున్నాను. వంటింట్లోకి పోయి ఏడ్చాను కూడా.

సాయంత్రం నాన్నగారు వచ్చి, భీమవరం వాళ్ళని ఎప్పుడు రమ్మనమంటావని అడిగారు.

"వాళ్ళెందుకురా? ఆ కొవ్వూరు బుల్లోణ్ణి రమ్మను."

నాన్నగారు నోరెళ్ళబెట్టారు. "అదేంటమ్మా! మన ఇంటిపేరేనని నువ్వేగా వద్దన్నావు?"

మా చుట్టాల్లో ఏడు తరాల ఇంటిపేర్లు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పే మా నానమ్మ నింపాదిగా కళ్ళద్దాలు సర్దుకుంది.

"పెద్దదాన్నయ్యాను కదరా. ఇంటిపేర్లు గుర్తుండట్లేదు."