తమ్ముడి పథ్యం

నేను సన్నబడ్డాక నన్ను చూసి సంతోషించినవాళ్లు ఒక్కరూ లేరు. మా వైపు మనిషి లావెక్కితే "ఒళ్లు చేశావు" అని నవ్వుతారు, తగ్గితే "చిక్కిపోయావేంటి" అని గొంతు తగ్గించి అడుగుతారు. స్కూల్లో తోటి టీచర్లు ముందు రక్తపరీక్షలు చేయించుకోమన్నారు. తర్వాత ఇంట్లో ఏమైనా గొడవలా అన్నారు. ఆ తర్వాత అడగడం మానేసి జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఆకులూ గింజలూ తిని తగ్గానంటే ఎవరూ నమ్మలేదు. గుంటూరు వైపు పుట్టిపెరిగిన మనిషి నూనె చుక్క లేకుండా గోంగూర తింటోందంటే, అది ఆరోగ్యం కోసమని ఎవరికి తోస్తుంది? ఏదో పెద్ద జబ్బే దాస్తోందనుకున్నారు.

దాచిందేమీ లేదు. రెండో అంతస్తు క్లాసుకి వెళ్లేసరికి ఆయాసంతో మాట రాక, పిల్లల్ని కాసేపు చదువుకోమని కుర్చీలో కూలబడేదాన్ని. కాలేయానికి కొవ్వు పట్టిందనీ, షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉందనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజే మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి మానేశాను. తెల్లన్నం బదులు కొర్రలు వండుకున్నాను. ఉలవలు, అలసందలు, మొలకెత్తిన పెసలు, రోజుకో ఆకుకూర, గుప్పెడు వేరుశనగ పలుకులు. మాంసం మానడం కన్నా పెరుగు మానడమే కష్టమైంది. చివర్లో పెరుగు కలుపుకోకపోతే భోజనం అయిపోయిందని నా నోరు ఒప్పుకునేది కాదు. ఖాళీ కంచం ముందు చెయ్యి ఎండిపోయేదాకా కూర్చునేదాన్ని.

అంత మొండితనం నాకు మా నాన్న వల్ల వచ్చింది. మేం నూర్‌బాషాలం, దూది మీద బతికిన కుటుంబం. ఒంగోలు పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో నాన్నకి పరుపుల దుకాణం ఉండేది. ఒంటి నిండా దూదితో ఇంటికొచ్చేవాడు. దూది ఊపిరితిత్తుల్లోకి పోయి ఏమైనా అవుతుందని అమ్మ జీవితమంతా భయపడింది గానీ, నాన్నని తీసుకుపోయింది కాలి బొటనవేలు. షుగరు అని తెలిసేటప్పటికి వేలు నల్లబడింది. వేలు తీశారు, పాదం తీశారు, మోకాలి కింద తీశారు. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

తమ్ముడిది అచ్చం నాన్న ఒళ్లు. అవే బుగ్గలు, అదే పొట్ట, అదే నవ్వు. నాన్న పోయాక దుకాణం వాడిదైంది. వాడి పెళ్లి నిలవలేదు, ఆ అమ్మాయి ఏనాడో వెళ్లిపోయింది. వాడూ అమ్మా ఆ ఊళ్లో, నేను ఒక్కదాన్నే గుంటూరులో. ఆదివారం పొట్టేలు తలకాయ కూర లేకపోతే వాడికి ఆదివారమే కాదు. షుగరు ఉందని వాడికి తెలుసు, మాత్రలు ఉన్నాయి, గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. వేసవి సెలవులకి ముందు అమ్మ ఫోన్ చేసి, మాటల మధ్యలో, వాడి అరికాల్లో చిన్న పుండు లేచిందనీ మానడం లేదనీ చెప్పింది. ఆ పూట నేను అన్నం తినలేదు. స్కూలు మూసిన మర్నాడే సంచుల్లో కొర్రలూ ఉలవలూ సర్దుకుని బస్సెక్కాను.

వాడి కాలు పోకూడదు. నాకు ఆ ఒక్కటే కావాలి.

వంటిల్లు నా చేతిలోకి తీసుకున్నాను. మొదటి రోజు కొర్రన్నంలో తోటకూర పప్పు, పక్కన ఉడికించిన అలసందలు పెట్టాను. వాడు కంచం వైపు చూసి, నా వైపు చూశాడు.

"ఏందక్కా ఇది? గేదెకి పెడితే అది కూడా ఎగాదిగా చూస్తది."

"గేదె నీకన్నా బుద్ధిగా తింటుంది. తిను."

"నూనేదీ?"

"నూనె నీ పొట్టలోనే ఉంది, చాలినంత."

వాడు నవ్వాడు. నవ్వుతూనే కంచం పక్కకి జరిపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న కాలు తీసినప్పుడు ఆసుపత్రి వరండాలో వాడెలా ఏడ్చాడో గుర్తు చేశాను. అంత మాట అనకుండా ఉండాల్సిందని అమ్మ కళ్లతోనే చెప్పింది. తర్వాత వాడి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"పథ్యం అనుకో నాయనా. పుండు మానిందాకా నోరు కట్టుకో. ఆ తర్వాత నీ ఇష్టం."

పథ్యం అనగానే వాడు కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆ మాట మా ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. పచ్చకామెర్లకి పసరు తాగితే ఉప్పూ కారం మానేస్తారు. గడువు తీరాక తలంటుకుని, మంచి కూర వండించుకుని పథ్యం విడుస్తారు. మొదలుంటుంది, చివర ఉంటుంది. ఇది అలాంటిది కాదమ్మా, బతికినంతకాలం ఇదే తిండి అని నేను అమ్మకి విడిగా చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తకుండా వింది.

"బతికినంతకాలం పథ్యం చేసినవాళ్లని నేనెక్కడా చూళ్లేదమ్మా."

ఆ శుక్రవారం అమ్మ దర్గాకి వెళ్లొచ్చింది. ఏం మొక్కుకున్నావని అడిగితే, వాడి పుండు మానితే కందూరు చేస్తానని దర్గాలో ఉన్న ఆ తండ్రికి మాటిచ్చానంది. కందూరంటే పొట్టేలుని కోసి, దర్గా దగ్గరే వండి, ఫాతిహా చదివించి, వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టడం. హిందువులూ చేస్తారు, మేమూ చేస్తాం. నాకు నవ్వొచ్చింది. కాలు నిలవడానికి ఒక పక్క నేను మాంసం మాన్పిస్తుంటే, ఇంకో పక్క అమ్మ మాంసం మొక్కింది. ఎవరి దారి వాళ్లదిలే అనుకున్నాను.

వాడు మాట నిలబెట్టుకున్నాడు, అది చెప్పాలి. సణుగుతూ, తిడుతూ, ఉలవచారులో వెన్న లేదని నిట్టూరుస్తూ తిన్నాడు. సెలవులయ్యాక నేను గుంటూరు వచ్చేసినా అమ్మ అదే వంట చేసింది. పథ్యం చేయించడంలో మా అమ్మ లాంటి మనిషి ఉండదు. వాడు దొంగతనంగా హోటల్లో తినకుండా మధ్యాహ్నం దుకాణానికి తనే క్యారేజీ పట్టుకెళ్లేది. వాడి చొక్కాలు వదులయ్యాయి. పొద్దున షుగరు చూసుకుని ఫోన్ చేసి, పరీక్ష పాసైన పిల్లాడిలా చెప్పేవాడు. వానలు పడి పత్తి చేలు పూతకొచ్చేనాటికి పుండు పూర్తిగా మూసుకుంది. నేను వెళ్లి వాడి పాదం నా ఒళ్లో పెట్టుకుని చూశాను. కొత్త చర్మం లేతగా, గులాబీ రంగులో ఉంది. చాలాకాలం తర్వాత ఆ రోజు కడుపునిండా నవ్వుకున్నాం.

సాయంత్రం అమ్మ పొట్టేలు సంగతి ఎత్తింది.

అప్పుడు గాని నాకు తట్టలేదు. వాడికి నయమవుతున్నకొద్దీ కందూరు దగ్గరపడుతూ వచ్చింది. నేను పెట్టిన ప్రతి ముద్దా వాణ్ని ఆ పొట్టేలు వైపే నడిపించింది. కందూరు వద్దని నేననలేదు. చెయ్యి, ఊరందరికీ పెట్టు, వాడికి మాత్రం వద్దు అన్నాను. అమ్మ నన్ను తెలివితక్కువ పిల్లని చూసినట్టు చూసింది. ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్లకే మొదటి ముద్ద, అదీ మొక్కుకున్నవాళ్ల చేత్తోనే. మా ఇళ్లల్లో అదే పద్ధతి. వాడు తినకపోతే మొక్కు తీరనట్టే.

"సరే, ఒక్క ముద్ద. మర్నాటి నుంచి మళ్లీ మామూలే" అన్నాను.

"ఆ ముద్దతో పథ్యం విడిచినట్టేగా" అంది అమ్మ. ఆమెకి అందులో తికమకేమీ లేదు.

మిరప కోతలు మొదలైన రోజుల్లో కందూరు చేశాం. దర్గా వెనక పొయ్యిలు తవ్వారు. చుట్టూ చేలల్లో కల్లాల మీద కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, గాలి తిరిగినప్పుడల్లా అందరం తుమ్ముతున్నాం. తమ్ముడు తెల్ల లాల్చీ వేసుకుని పెళ్లికొడుకులా తిరిగాడు. ఫాతిహా అయ్యాక అమ్మ ముద్ద కలిపి వాడి నోట్లో పెట్టింది. నములుతూ నములుతూ వాడు కళ్లు మూసుకున్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. కారం వల్ల కాదు. ఆ తర్వాత అమ్మ నాకూ ముద్ద పెట్టింది. తిన్నాను. ఆ రోజు ఆ చేతిని కాదనే ధైర్యం నాకు లేదు. ఎంత బాగుందంటే నాకు భయమేసింది. ఇది మానమని వాడికి చెబుతున్నానా, వాడెందుకు వింటాడు అనుకున్నాను.

మర్నాడు నేను కొర్రలు నానబెట్టుకున్నాను. వాడు నానబెట్టుకోలేదు. అంతే జరిగింది, అంతకన్నా పెద్దగా ఏమీ జరగలేదు.

మాత్రలు కూడా పథ్యంలో భాగమేననుకున్నారు ఇద్దరూ, వాడు అవీ మానేశాడు. నేను ఫోన్లో అరిచాను. వాడు ఓపిగ్గా, నాకేదో తెలియని విషయం నేర్పుతున్నట్టు చెప్పాడు.

"మొక్కు తీరిందక్కా. ఇంకా పథ్యమంటే ఆ తండ్రి మీద మనకి గురి లేనట్టేగా. జబ్బుని నువ్వే పిలిచినట్టుంది."

"షుగరు చూసుకున్నావా?"

"పోయినదాన్ని ఏం చూస్తాం?"

శనాదివారాల్లో వెళ్లేదాన్ని. అమ్మ నాకు విడిగా నా కూరలు వండేది, చాలా శ్రద్ధగా, ఉప్పు సరిచూసి మరీ. నా పక్కనే వాడి కంచంలో తెల్లన్నం, నెయ్యి, వేపుడు. వాడి చొక్కాలు మళ్లీ బిగుతయ్యాయి. చూసినవాళ్లంతా ఒళ్లు చేశావురా, ఇప్పుడు బాగున్నావు అన్నారు. అమ్మ సంతోషంతో వాడికి దిష్టి తీసింది. ఆ ఇంట్లో ఏడుపుగొట్టు మొహం నా ఒక్కదానిదే. నేనొస్తే ఇంట్లో మాటలు తగ్గేవి.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వాడు దుకాణంలో పరుపు కుడుతున్నాడు. పరుపులు కుట్టే దబ్బనం చెయ్యంత పొడవుంటుంది. దాని మొన ఎప్పుడో విరిగి కింద పడింది, వాడు దాని మీద కాలేశాడు. తెలియలేదు. పాదంలో స్పర్శ ఎప్పుడో పోయింది, వాడికి ఆ సంగతీ తెలియదు. మొన దిగిన కాలితోనే నడిచాడు, బేరం చేశాడు, పరుపు ఆటోలోకి ఎక్కించాడు. తిరిగొచ్చి చూస్తే నేల మీద ఏకిన దూది అక్కడక్కడా ఎర్రగా ఉంది. ఎవరికి దెబ్బ తగిలిందా అని వాడు చుట్టూ చూశాడట. ఈ మాట వాడే నాకు చెప్పాడు, ఆసుపత్రిలో, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

గుంటూరు తీసుకొచ్చేసరికి పాదం రంగు మారింది. ఆ రంగు నాకు తెలుసు. డాక్టరు చెప్పబోయేది నాకు ముందే తెలుసు. కాకపోతే నాన్నకి చేసినట్టు విడతలు విడతలుగా కాక, వాడికి ఒకేసారి మోకాలి కింద తీసేశారు.

వరండాలో అమ్మ నా పక్కకి వచ్చి కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నేను పెట్టిన ముద్ద వల్లనేనంటావా?"

"కాదమ్మా."

"మరి దేనివల్ల?"

ఒక్క ముద్దతో ఏమీ కాదు. ఆ తర్వాత తిన్నవాటి వల్ల అయింది. అవీ ఆమె చేత్తో వండి పెట్టినవే. ప్రేమతో పెట్టింది, వాడికి నయమైందన్న నమ్మకంతో పెట్టింది. అందుకని, ఏమో, తెలియదమ్మా అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. నా చెయ్యి వదిలేసి, తన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు దుకాణం లేదు. ఇద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. అమ్మ ఎవరూ చెప్పకుండానే మాంసం మానేసింది, పెరుగు కూడా మానేసింది. వద్దమ్మా, ఈ వయసులో నీకెందుకు అంటే వినదు. ముగ్గురం ఒకే వంట తింటాం. ఉలవలు, కొర్రలు, ఆకుకూర. తమ్ముడి షుగరు అదుపులో ఉంది, డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. నేను కోరుకున్నది ఇదే, వాడు నేను వండింది ఎదురుచెప్పకుండా తినాలని. ఇప్పుడు వాడు ఒక్క మాట అనడు. గేదె అనడు, కుడితి అనడు. ఇంకాస్త వెయ్యనా అంటే తలూపుతాడు, చాలా అంటే దానికీ తలూపుతాడు.

మొన్న తోటకూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. నా నోట్లో పెట్టుకున్నాక గాని తెలియలేదు. అప్పటికే వాడు తన కంచం ఖాళీ చేశాడు. ఉప్పు లేదని చెప్పొచ్చుగా అన్నాను. వాడు పర్లేదక్కా అన్నాడు, లేవడానికి నా భుజం కోసం చెయ్యి చాపాడు.