చౌడప్ప నాటిన బల్ల

గుడియాతం నేతవాళ్ల వీధిలో చౌడప్పను ఒక్కచోట కూర్చోబెట్టిన మొనగాడు ఇంతవరకూ లేడు. పెళ్లిపీటల మీద నుంచి కూడా రెండుసార్లు లేచి, పందిరి గుంజ వాలిందేమోనని చూసి వచ్చిన ఘనుడు. అన్నం తింటూ లేచి కిటికీ రెక్క సరిచేస్తాడు. ఎవరింటికైనా పోతే, వాళ్లు వేసిన కుర్చీని తలకిందులు చేసి కాళ్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో మగ్గాలకు వడ్రంగం అతనిదే. ఇప్పుడు మగ్గాలు ఆరో ఏడో మిగిలాయి. చేతులకు పని తగ్గింది గానీ కాళ్ల తిరుగుడు తగ్గలేదు.

నిరుటి నుంచి ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. దానికి కారణం భార్య మోహన. లుంగీల నేతలో పేరు తెచ్చుకున్న మనిషి, నలభై ఆరేళ్లు. రెండేళ్లలో ఆమె చూపు వెలుగూ చీకటీ తెలిసేంతకు పడిపోయింది. తిరిగి రాదని వేలూరు ఆసుపత్రిలో తేల్చి చెప్పేశారు. చూపు పోయిన దుఃఖాన్ని చౌడప్ప ఎలాగో దిగమింగాడు. ఆమె కదలకుండా కూర్చుండిపోవడమే అతనికి మింగుడుపడలేదు. వాకిట్లో నిలబడి ఎదురింటి అమరావతితో గంటల తరబడి ముచ్చట్లాడే మోహన, వంటింటి గోడకు ఆనుకుని ఉండిపోయింది. హాల్లో అడుగేస్తే బీరువా మూల తగిలేది, తొడలు కమిలిపోయేవి.

"నేను యాడికీ రాను. నన్ను గమ్మునుండనీ" అనేది.

ఆమె తనంతట తాను లేచి వాకిటి దాకా నడిచి వస్తే చాలు. చౌడప్ప అంతకుమించి ఏమీ కోరలేదు.

వేలూరులో, చూపు తగ్గినవాళ్లకు ఇంట్లో మసలడం నేర్పే జెసింతమ్మ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. "వంటింటి నుంచి వాకిలి దాకా చెయ్యి ఆన్చుకోను ఏదైనా ఉండాల. మూలలు లేని పొడుగు బల్లయినా చాలు" అందామె. చౌడప్ప లేచి నిలబడ్డాడు. "సార్, ఇన్నుం కొంజం ఇరుక్కు, ఉక్కారుంగ" అని, ఇంకా కొంచెం ఉంది కూర్చోమని, ఆమె అరవంలో అంటూనే ఉంది. అతను అప్పటికే వరండాలో ఉన్నాడు, బల్ల పొడవును గోడ మీద జానలతో కొలుస్తూ.

ఇంటికి రాగానే అటక మీద మూడేళ్లుగా ఎండుతున్న వేపపలక దించాడు. మగ్గంలో అన్నీ తిన్నని చెక్కలే, వంపు అనేది అతని చేతికి కొత్త. చివరికి ఒక సన్నని వెదురుబద్ద తీసుకుని, రెండు చివర్లా మేకులు కొట్టి, నడుమ వేలితో నెట్టాడు. బద్ద ఎంత వంగిందో అంత వంపు, దాని వెంబడే పెన్సిల్ గీత. గోడవైపు తిన్నగా, ముందువైపు మెల్లగా ఉబ్బి మళ్లీ మెల్లగా లోపలికి పోయే బల్ల. కాళ్లకూ అదే వంపు, కాస్త తక్కువగా. కోశాడు, చిత్రిక పట్టాడు, గరుకు ఉప్పుకాగితం రుద్దాడు. నాలుగడుగులు వెనక్కి పోయి ఒక కన్ను మూసి చూశాడు, మళ్లీ వచ్చి రుద్దాడు. ఈ లోపల మోహన ఏదో చెబుతూనే ఉంది, అతను "ఆఁ, ఆఁ" అంటూనే ఉన్నాడు.

"ఏమే, ఒకసారి తాకి చూడు" అని పిలిచాడు ఒకనాటి పొద్దున.

ఆమె వచ్చి అంచు మీద వేళ్లు జరిపింది. నడిమికి రాకముందే వేళ్లు ఆగిపోయాయి. "ఈడ దారం తెగి ముడేసినట్లుండాది" అంది. చౌడప్ప వంగి చూశాడు, పక్కనుంచి చూశాడు, ఏమీ కనబడలేదు. వెదురుబద్ద ఆన్చి చూస్తే కదా తెలిసింది, గోరంత ఎత్తు! ఆమె వేలు పెట్టిన చోటల్లా అతను చిత్రిక పట్టాడు. రెండు రోజులు అదే పని. తమ ఇద్దరి చేతులూ ఒకే పని చేసి ఎన్నాళ్లయిందోనని అతనికి సంతోషమేసింది.

బల్లను హాల్లో గోడవారన పెట్టిన రోజే మోహన వంటింటి నుంచి లేచింది. అంచు పట్టుకుని తొమ్మిదడుగులు వేసి గడప తాకింది. చౌడప్ప ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ ఆనందమే కొంప ముంచింది. మర్నాడు తలుపు రెక్క బల్లకు తగులుతుందేమోనని మూరెడు లోపలికి జరిపాడు. ఆ మర్నాడు కిటికీ వెలుగు పడితే బాగుంటుందని ఎదుటి గోడకు మార్చాడు. నాలుగోనాడు మోహన ధైర్యంగా చెయ్యి చాచి బల్ల ఉండాల్సిన చోట బరువు మోపింది. అక్కడ ఏమీ లేదు. పడింది. మణికట్టు వాచి, నుదుటి మీద చర్మం చిట్లింది.

"దీన్ని పొయ్యిలో పెడతా" అని చౌడప్ప గొడ్డలి కోసం లేచాడు.

"బల్లదేం తప్పు? తప్పు నీది" అంది మోహన, నుదుటి మీద తడిగుడ్డ అదుముకుంటూ. "జెసింతమ్మ రెండు మాటలు చెప్పె. ఒకటి ఇని లేస్తివి. పెట్టింది పెట్టినచోటే ఉండాల, కదపొద్దు అనేది రెండోది. నేను మూడుతూర్లు చెప్తి. ఆఁ ఆఁ అంటివి."

చౌడప్ప గొడ్డలి మాట వదిలేసి ఆమె నుదుటి మీద గుడ్డ సరిచేయబోయాడు.

"నిన్న యాడుండెనో అదే నాకు గుర్తు. ఆ గుర్తును కూడా నువ్వు జరిపేస్తే, నేనేం పట్టుకోని నడిచేది?"

"ఇంక కదపను. నీ మీద ఒట్టు."

"ఒట్లు వద్దులే నాయనా. నువ్వు ఇన్నా నీ చేతులు ఇనవు" అని ఆమె మళ్లీ వంటింటి గోడ దగ్గరికి పోయి కూర్చుంది. అరిచి తిట్టినా బాగుండునని చౌడప్ప ఏడ్చాడు. తన ప్రేమ ఆమెకు దెబ్బగా తగిలిందని సిగ్గుతో ఏడ్చాడు.

ఏడుస్తూ కూడా కూర్చోలేదు లెండి, హాల్లో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉన్నాడు. తిరుగుతుంటే కాలికింద గచ్చు తేడాగా మోగింది. మోహన మగ్గం ఉన్న చోటు అది. చూపు తగ్గాక మగ్గం తీసేసి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట పూడ్చి, పైన టైల్స్ వేయించాడు. ఇరవై ఏళ్లు ఆ మగ్గం అక్కడే ఉంది. కరెంటు పోయినా మోహన దీపం లేకుండా దాని చుట్టూ తిరిగేది, ఎన్నడూ తగిలింది లేదు. ఆ మగ్గం గుంజలను నేలలో పాతింది చౌడప్ప తానే కదా! ఇన్నేళ్లూ ఊరందరి ఇళ్లలో కదలని వస్తువులు నాటిన మనిషికి, సొంత ఇంట్లో ఆ మాట తోచలేదు.

బల్లకు కొత్తగా నాలుగు కాళ్లు కోశాడు, జానెడు పొడవు ఎక్కువ. పైన అదే వంపు, కింద మగ్గం గుంజలాగా తిన్నగా. సుత్తీ ఉలీ తీసుకుని టైల్స్ మీద పడ్డాడు.

"అయ్యో, కొత్త గచ్చు పగలగొడతా ఉండావే, నీకేం పట్టిందప్పా?" అని అమరావతి ఎదురింటి నుంచి కేకలు పెట్టింది. అతను కొడుతూనే ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో ఈసారి సుత్తి ఎత్తకముందే మోహననే అడిగాడు. ఆమె వచ్చి, నిలబడి, చెయ్యి చాచి చూపించింది. అక్కడే పాతి, సిమెంటు పోశాడు. అది గట్టిపడే మూడు రోజులూ దాని దగ్గరికి పోకుండా ఉండటం అతను జన్మలో చేసిన అతి కష్టమైన పని.

నాలుగోనాడు మోహన బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని ఊపింది. కదల్లేదు. ఇంకా గట్టిగా ఊపింది. అప్పుడు అంచు మీద చెయ్యి వేసి, తొందర లేకుండా నడుచుకుంటూ పోయి గడప దాటింది. "అమరావతీ, ఏం చేస్తా ఉండావే? ఇట్రా" అని వీధిలోకి కేకేసింది. ఏడాదిగా వీధి వినని గొంతు అది.

చౌడప్ప కళ్లు తుడుచుకుని బల్లను చూశాడు. అప్పుడు పడింది కంట్లో. ఎడమ కొస గోడకు వేలెడు ఎక్కువ దూరంలో ఉంది. ప్రాణం విలవిల్లాడింది. వద్దు వద్దనుకుంటూనే చెయ్యి పోయి అంచు పట్టి లాగింది.

"లాగినావు కదా?" అంది మోహన, వాకిట్లో నుంచే.

"లేదే" అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. బల్ల ఇప్పటికీ వేలెడు వంకరగానే ఉంది. పొద్దున లేస్తూనే చౌడప్ప దాన్ని చూస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుంటాడు, వాకిట్లోకి పోయి మోహన పక్కన కూర్చుంటాడు.