లీటరుకు ఇరవై మూడు

మా చిన్నప్పుడు కారు పెట్రోలు బంకులో ఆగిందంటే చాలు... నాయన వెనక్కి తిరక్కుండానే నా చేతికి పెన్సిలు అందించేవాడు.

అది నాలుగు చేతులు మారి మా దగ్గరికొచ్చిన చిన్న కారు. ఎరుపు వెలిసిపోయి ఇటుకపొడి రంగులోకి దిగింది. నాయనకి ముత్తుకూరులో వలలు, తాళ్లు అమ్మే చిన్న కొట్టుండేది. కారు కొనేంత వాళ్లం కాదు. అమ్మ కోసం కొన్నాడు. అమ్మకి జబ్బు చేసి, నెలకోసారి రాయవేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది... బస్సులో అంతసేపు కూర్చోలేకపోయేది.

పోయేటప్పుడు ముత్తుకూరులో, వచ్చేటప్పుడు రాయవేలూరులో ట్యాంకు మూతిదాకా నింపించేవాడు. మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేవాడు. నేను నాలుగు దాటి అయిదో తరగతిలో పడ్డాను. నాయన మూడుతోనే ఆపేశాడు. అందుకని భాగహారం నా వంతు.

"ఎంతొచ్చింది పాపా?"

"పద్దెనిమిదిన్నర నాయనా."

ఆ అరకే ఆయన ముఖం విప్పారేది...

మైలేజీ కోసం ఆయన చెయ్యని పని లేదు. స్పీడు ముల్లు యాభై దాటనిచ్చేవాడు కాదు. పల్లం వస్తే బండిని న్యూట్రల్‌లో వదిలేసేవాడు. డిక్కీలో స్టెప్నీ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఏసీ మీట మీద నా పాత నోటుబుక్కు అట్ట కత్తిరించి అంటించేశాడు, ఎవరి చెయ్యీ పడకుండా.

ఒక మే నెలలో, నాయుడుపేట దాటాక, వెనక సీట్లో పడుకున్న అమ్మ తడి తువ్వాలు ముఖం మీద వేసుకుని, "ఏమయ్యా... కాసేపు ఆ చల్లగాలి పెట్టరాదా" అంది.

"లీటరుకి రెండు తగ్గిపోతాదిమే" అన్నాడు నాయన.

తువ్వాలు కిందనుంచే అమ్మ నవ్వింది. "సరేలే. తగ్గనీబాక."

ఆ మాటకి ఏమనుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

ఊళ్లోకి రాగానే టీ అంగడి ఆయన అడిగేవాడు, "ఎట్టుండాది మస్తానన్నా?" అని. అమ్మ గురించే. నాయన మాత్రం, "పంతొమ్మిది ఇచ్చినాది" అనేవాడు. ఆయన అర్థం కాక తలూపేవాడు... డాక్టర్లు రాసిచ్చిన కాగితాల్లో అంకెలు మాకెవరికీ తెలిసేవి కావు. ఇదొక్కటే తెలిసేది. పోయినసారికంటే పెరిగితే మంచిది. తగ్గితే చెడ్డది.

నా అయిదో తరగతి పరీక్షలు అయిపోయిన వారం ఆఖరిసారి వెళ్లాం. పదకొండు రోజులున్నాం. పన్నెండో రోజు పొద్దున అమ్మ పోయింది.

అమ్మని తెల్ల వ్యానులో ఎక్కించారు. ఆసుపత్రిలో మాకు తోడున్న చిన్నమ్మ అందులో కూర్చుంది. నన్ను కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు నాయన. రాయవేలూరు దాటేముందు బంకు కనిపించేసరికి ఆయన చెయ్యి దానంతటదే స్టీరింగు తిప్పింది. వ్యాను రోడ్డు పక్కన ఆగి మా కోసం చూసింది. ట్యాంకు మూతిదాకా కొట్టించాడు. ఆ రోజు మీటరు అంకె చెప్పలేదు. నేనే చూసుకున్నాను.

దారంతా వ్యాను వెనకే, నలభైలో వచ్చాం. నాకు ఏడుపు రాలేదు. వ్యాను నంబరు పలకమీది అంకెల్ని కూడి, తీసేసి, మళ్లీ కూడుతూ కూర్చున్నాను. ఇంటికెళ్లాక ఆడవాళ్లు నన్ను పట్టుకుని, "ఈ పిల్ల ఏడవలేదేందమ్మా" అనుకోవడం వినిపించింది. ఎవరి గురించో అనుకుంటున్నట్టే ఉంది.

మూడోనాడు మగవాళ్లు అమ్మ గోరీ దగ్గర పూలు వేసి, ఫాతిహా చదివి వచ్చారు. చిన్నమ్మని నెల్లూరు బస్టాండులో దించాలి. ఆమె సామాను సర్దుకునేలోపు పెట్రోలు కొట్టించుకొద్దామని నాయన బయల్దేరితే నేనూ ఎక్కాను.

"పది లీటర్లు పట్టినాదన్నా" అన్నాడు బంకు అబ్బాయి.

నాయన పెన్సిలు తియ్యలేదు. నేను మీటరు చూశాను. రాయవేలూరు బంకు నుంచి సరిగ్గా రెండువందల ముప్పై తిరిగింది. కాగితం అక్కర్లేదు... ఒక్క సున్నా తీసేస్తే సరిపోయింది.

"నాయనా, ఇరవై మూడు" అన్నాను.

మా బండికి అంత ఎప్పుడూ రాలేదు. నేనే మళ్లీ అన్నాను, "వెనక సీట్లో ఎవరూ లేరు గదా... అందుకే."

పదేళ్ల పిల్లని. లెక్క చెప్పాను, అంతే.

నాయన చేతులు స్టీరింగు మీద అట్లాగే ఉన్నాయి. తల తిప్పకుండానే అన్నాడు...

"మీ అమ్మ ఏం బరువుండిందిలే పాపా."

వెనకనుంచి లారీ హారను కొట్టింది. బండి తీశాడు.

మరుసటి ఏడు ఆ కారుని బిట్రగుంట రైల్వే కాలనీ ఆయనెవరో కొనుక్కున్నాడు. చుట్టూ తిరిగి, తలుపులు తీసి వేసి చూసి, అందరూ అడిగేదే అడిగాడు. "మైలేజీ ఎంతిస్తాదన్నా?"

"చూసుకోలేదబ్బా" అన్నాడు నాయన. "ఎప్పుడూ చూసుకోలా."

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదు.

ఇప్పుడు నేనే రోజూ కృష్ణపట్నం నుంచి నెల్లూరుకి కారు నడుపుతున్నాను. కిలోమీటర్లు, లీటర్లు అన్నీ ఎదురుగా తెర మీదే పడతాయి. ఎవరూ ఎవరినీ "ఎంతొచ్చింది?" అని అడగనక్కర్లేదు. సౌకర్యంగానే ఉంది...

మీ ఇంటికి మొట్టమొదట వచ్చిన బండి ఎవరి కోసం వచ్చిందో, గుర్తుంటే కింద రాయండి. చదువుతాను...